నడుములో నరాల దారి ఇరుకైతే.. చిన్న కోతతోనే చికిత్స

కొంచెం దూరం నడవగానే పిక్కలు గుంజుతున్నాయా? కాళ్లు తిమ్మిరెక్కి, కాసేపు కూర్చుంటే తగ్గిపోతోందా? కరీంనగర్ అయినా, ఆదిలాబాద్ పల్లెలైనా దీన్ని ‘వయసు నొప్పి’ అని గోలీలతో నెట్టుకొస్తుంటారు. కానీ ఇది లంబార్ స్టెనోసిస్ కావచ్చు. వయసుతో డిస్కులు అరిగి, లిగమెంట్లు మందమై, నడుములో నరాల దారి ఇరుకవుతుంది. ముందుకు వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది. అందుకే నడవలేనివారు కూడా సైకిల్ తొక్కగలుగుతారు.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. మొదట మందులు, ఫిజియోథెరపీ. అయినా నడక తగ్గిపోతుంటే ఎంఆర్ఐ చూసి నిర్ణయిస్తారు. సుమారు 2 సెంటీమీటర్ల కోత పెట్టి, కండరాలను కోయకుండా జరిపి, సన్నని గొట్టం దింపుతారు. నరాన్ని నొక్కుతున్న ఎముక, లిగమెంటు ముక్కనే తీస్తారు. రక్తం తక్కువ పోతుంది, త్వరగా లేచి నడవొచ్చు. కాళ్ల నొప్పి తగ్గినంతగా నడుము నొప్పి తగ్గకపోవచ్చు. వెన్నుపూస జారి ఉంటే స్క్రూలు కూడా అవసరం పడొచ్చు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ 9న 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. మీ ఆపరేషన్‌కు వర్తిస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, కాళ్లు హఠాత్తుగా చచ్చుబడినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే పెద్దాస్పత్రికి వెళ్లాలి.