మ్యూజియం ప్రసంగాలు – నగర చరిత్ర అధ్యయనం

పరిచయం

నగర చరిత్రకు దస్తావేజులు, పటాలు, వస్తువులు, కట్టడాలు ప్రధాన ఆధారాలు. ఇవన్నీ ఒకే చోట దొరకవు. దస్తావేజు అభిలేఖాగారంలో ఉంటుంది, వస్తువు మ్యూజియంలో ఉంటుంది, కట్టడం వీధిలో నిలబడి ఉంటుంది. వీటిని కలిపి సామాన్య ప్రజలకు వివరించే వేదికే మ్యూజియంలో జరిగే బహిరంగ ప్రసంగం. అటువంటి ప్రసంగాన్ని విద్యార్థి అధ్యయన సాధనంగా ఎలా ఉపయోగించుకోవాలో హైదరాబాదు ఉదాహరణతో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మ్యూజియానికి ప్రసంగం ఎందుకు?

సాలార్‌జంగ్ మ్యూజియాన్ని 1951 డిసెంబరు 16న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. అప్పుడు అది సాలార్‌జంగ్ వంశీయుల నివాసమైన దివాన్ దేవిడీలో ఉండేది. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మ్యూజియం మూసీ దక్షిణపు ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనానికి మారింది. వస్తువులు భద్రంగానే ఉన్నాయి. వాటికి నెలవైన దేవిడీలో మాత్రం ద్వారాలు తప్ప దాదాపు ఏమీ మిగలలేదు. అద్దాల పెట్టెలోని వస్తువు తాను ఉన్న ఇంటి గురించి, వీధి గురించి తనంతట తాను చెప్పలేదు. ఆ లోటును పూరించడమే వక్త పని.

ప్రసంగాన్ని ఎలా వినాలి?

మూసీ వరదపై ఒక ప్రసంగం జరుగుతున్నదనుకుందాం. అందులో మూడు రకాల మాటలు వినిపిస్తాయి.

మొదటిది, ఆధారం గల విషయం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మంది మరణించారు. ఆ తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా కోరింది. ఆయన సూచించిన పథకం మేరకు 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇవి రికార్డులతో సరిచూసుకోగల విషయాలు.

రెండవది, ఊహ. నదికి దక్షిణాన హైకోర్టు, ఉత్తరాన ఉస్మానియా ఆసుపత్రి ఉన్నాయి. రెండింటి నిర్మాణంలోనూ వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్‌కు ముఖ్యపాత్ర ఉంది. వీటిని చూపి, వరద తరువాత నదీతీరాన్ని ప్రభుత్వం తన వైభవాన్ని చాటే ముఖద్వారంగా మలచిందని వక్త చెప్పవచ్చు. ఇది సమంజసమైన ఊహే, కానీ ఊహే. 1910ల దశకంలో లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన నగర పటాలను నేటి పటంతో పోల్చి చూస్తే దాని బలమెంతో తేలుతుంది.

మూడవది, జనశ్రుతి. మహమ్మారి తొలగినందుకు గుర్తుగా చార్మినార్‌ను కట్టించారని తరచుగా చెబుతారు. హిజ్రీ శకం 1000వ సంవత్సరం 1591 అక్టోబరులో మొదలైంది, ఆ సందర్భానికే దానిని నిర్మించారన్న వాదమూ ఉంది. జనశ్రుతిని కొట్టిపారేయకూడదు. ప్రజలు తమ నగరాన్ని ఎలా గుర్తుంచుకున్నారో అది చెబుతుంది. అయితే దానిని మొదటి రకంతో కలిపి రాయకూడదు.

ఈ వివేచన ఎందుకు అవసరం?

ఇది పరీక్షకు మాత్రమే పనికివచ్చే విషయం కాదు. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ స్థలంలో శాసనసభా భవనం నిర్మించాలని తెలంగాణ ప్రభుత్వం 2019లో నిర్ణయించింది. పౌరులు హైకోర్టును ఆశ్రయించారు. అదే ఏడాది సెప్టెంబరులో న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ఒక కట్టడం విలువ గురించి వాదించేటప్పుడు మమకారం ఒక్కటే చాలదు. ఎవరు కట్టించారు, ఎప్పుడు, ఏ జాబితాలో ఉంది, ఏ నిబంధన దానిని కాపాడుతుంది అన్నవి కావాలి. ఇటువంటి జ్ఞానం కొద్దిమంది నిపుణుల దగ్గరే ఉండిపోతే, కట్టడం పోయిన తరువాత గానీ ఊరికి తెలియదు. దానిని ఊరివారందరి ఎరుకలోకి తేవడమే బహిరంగ ప్రసంగాల అసలు ప్రయోజనం.

సారాంశం

మ్యూజియం ప్రసంగం వస్తువును కట్టడంతోను, కట్టడాన్ని నగరంతోను కలుపుతుంది. శ్రోత ఆధారం, ఊహ, జనశ్రుతి అనే మూడింటిని విడదీసి రాసుకున్నప్పుడే అది చరిత్ర అధ్యయనమవుతుంది.

అభ్యాసం

మీరు హైదరాబాదుకు దూరంగా ఉన్నా ఈ పని చేయవచ్చు. మీ ఊరిలోని పాత రైల్వే స్టేషను, కచేరీ, బడి, సత్రం వంటి ఒక కట్టడాన్ని ఎంచుకోండి. దాని శంకుస్థాపన ఫలకాన్ని చదవండి. అక్కడి పెద్దలను అడిగి తెలుసుకోండి. సేకరించిన విషయాలను పైన చెప్పిన మూడు వరుసలలో రాయండి. మొదటి వరుసలో ఖాళీగా మిగిలిన చోటే మీ పరిశోధన మొదలవుతుంది.