పసివాని కంటికి పట్టీ – పెద్దలకు ఓర్పు

బేత్సయిదాలో ప్రభువు ఒక గ్రుడ్డివాని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించిన సంగతి మార్కు సువార్త 8వ అధ్యాయములో చదువుతాము. మొదటిసారి తాకినప్పుడు అతనికి సగము చూపే వచ్చింది. ప్రభువు విసుగుకొనక రెండవసారి తాకి పూర్తి చూపునిచ్చాడు. చిన్నపిల్లల కంటి వైద్యము కూడా ఒక్కరోజుతో ముగిసేది కాదు. చెయ్యి పట్టుకొని నడిపించే తల్లిదండ్రులు దానికి కావాలి.

పిల్లలలో 'లేజీ ఐ' అనే లోపమున్నది. మెల్లకన్ను వలన గానీ, ఒక కంటికి ఎక్కువ పవరు ఉండుట వలన గానీ మెదడు ఆ కంటి చూపును ప్రక్కన పెట్టి, మంచి కన్నునే వాడుకొంటుంది. రెండవ కన్ను బాగానే ఉన్నందున బిడ్డ ఏమీ చెప్పదు, మనకూ తెలియదు. "మెల్లకన్ను అదృష్టం" అని ఊరుకొనేవారు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. 7 సంవత్సరములలోపు వైద్యము మొదలైతే మంచి ఫలితముంటుంది. ఆలస్యమైన కొలదీ చూపు రావడం కష్టము.

దీనికి మందు కళ్ళద్దాలు, మంచి కంటిమీద పట్టీ. ఆసుపత్రిలో పట్టీ ఇస్తారు గానీ వైద్యము జరిగేది మన ఇంట్లోనే. మంచి కన్ను మూసితే బిడ్డకు లోకము మసకబారుతుంది. ఏడుస్తుంది, పీకి పారేస్తుంది. అది మొండితనము కాదు. కొట్టవద్దు, "సూది వేయిస్తా" అని భయపెట్టవద్దు. పట్టీ ఉన్నంతసేపు ప్రక్కన కూర్చొని బొమ్మలు గీయించండి, పూసలు గుచ్చించండి, బైబిలు కథల బొమ్మలు చూపించండి. ఆట బొమ్మకు కూడా ఒక పట్టీ కట్టండి. అన్నదమ్ములు వెక్కిరించకుండా చూడండి. బడి పంతులుగారికి ముందే చెప్పండి.

అమెరికాలో 7 ఏళ్ళలోపు పిల్లలపై జరిగి 2003లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, ఒక మోస్తరు లోపమున్నవారికి రోజుకు 2 గంటల పట్టీ 6 గంటల పట్టీతో సమానంగా మేలు చేసింది. అయితే మీ బిడ్డకు ఎన్ని గంటలో డాక్టరుగారే చెప్పాలి. ఎక్కువ కడితే మంచి కన్ను దెబ్బతినవచ్చును. అందుకే చెప్పిన తేదీకి తప్పక తిరిగి చూపించాలి.

ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి, అక్కడ నుండి హైదరాబాదుకు పిల్లవానిని ఎత్తుకొని పోవడం కూలి చేసుకొనేవారికి భారమే. మెహిదీపట్నములో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉన్నది. 1987లో స్థాపించబడిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చెల్లించలేని పేదలకు ఉచితంగా వైద్యము చేస్తారు. ప్రయాణపు ఖర్చు సంఘము పంచుకొంటే అది కూడా పరిచర్యయే.

కంటిలో పసర్లు, ఆముదము, పాలు పోయవద్దు. నల్లగుడ్డులో తెల్లని మెరుపు కనిపిస్తే అది ప్రాణాంతకమైన కణితి కావచ్చును. ఒక్క రోజు కూడా ఆగవద్దు.

"ఆడపిల్లకు అద్దాలు పెడితే పెళ్ళెలా అవుతుంది?" అని కొందరు తల్లులు అడుగుతారు. అద్దాలు ముఖానికి అవమానము కాదమ్మా. పోయిన చూపును ఏ కట్నమూ తీసుకొనిరాలేదు.

ప్రార్థన చేస్తున్నాము గనుక పట్టీ అక్కరలేదనుకొనకండి. ప్రార్థించి పట్టీ కట్టండి, పట్టీ కట్టి ప్రార్థించండి. ప్రతిదినము ఆ రెండు గంటలు బిడ్డతో కూర్చొనే ఓర్పును దేవుడు మీకు దయచేయును గాక.