తెర మీద తిరిగే చక్రం

ఖరగ్‌పూర్ పట్టణం దాటి సాలువా వైపు వెళ్ళే దారిలో మా మేనమామగారి ఇల్లు ఉన్నది. గత చలికాలంలో నేనక్కడికి వెళ్ళిన సాయంత్రం ఆ ఇల్లు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా కనిపించింది. ముందుగదిలో పెద్ద టెలివిజన్ మీద పూలగుడ్డ కప్పి ఉన్నది. ఏమయిందని అడిగితే అత్తయ్య తలవంచుకున్నది.

“ఏటీ లేదు బాబూ. మూడు వారాలయింది, బొమ్మ రాటం లేదు. నానే ఏదో మీట నొక్కీసినాను.”

పట్టణంలోనే ఉంటున్న కూతురికైనా ఆమె ఈ సంగతి చెప్పలేదు. ఉద్యోగం చేసి అలసి వచ్చే పిల్లకు మరో తలనొప్పి ఎందుకని ఊరుకున్నది. చెడిపోయిన యంత్రం కంటె, తానే చెడగొట్టానన్న సంకోచం ఆమెను ఎక్కువగా బాధించింది.

టెలివిజన్ లేకపోతే కొంప మునుగుతుందా అని పాఠకులు అడగవచ్చు. ఆ ఇంటికి సంబంధించినంతవరకు అది చిన్న విషయం కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను తన ముఖ్య కూడలిగా చేసుకొని కర్మాగారం నెలకొల్పినప్పుడు, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలాది తెలుగువారు ఆ పట్టాల వెంటనే పనికి వెళ్ళారు. మా మామయ్య వారిలో మూడవ తరం. పదవీ విరమణ తరువాత సాలువా దారిలో ఇల్లు కట్టుకున్నారు. సాలువా ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ దళానికి కేంద్రస్థానం. ఇరుగుపొరుగున వినిపించేది నేపాలీ. బజారులో బెంగాలీ, రైల్వే ఆవరణలో హిందీ, మనుమరాలి బడిలో ఇంగ్లీషు. ఆ చిన్నపిల్ల చెవిన తెలుగు పడేది సాయంత్రంపూట అమ్మమ్మ ప్రక్కన కూర్చొని చూసే సినిమాలలోనే.

నా చిన్నతనంలో ఇదే మామయ్య రైల్వే క్వార్టర్ పైకెక్కి ఏంటెనా తిప్పేవారు. క్రింద నుంచి మేము “వచ్చింది, వచ్చింది... పోయింది!” అని అరిచేవాళ్ళం. 1975లో మొదలైన కలకత్తా దూరదర్శన్‌లో తెలుగు మాట వినబడటం అరుదు. ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రాలలో తెలుగు వంతు ఎప్పుడు వస్తుందా అని వీధి వీధంతా ఎదురుచూసేది. 1995లో ఈటీవీ ఉపగ్రహం ద్వారా వచ్చింది. 2020లో ‘ఆహా’ తెలుగు కార్యక్రమాలతోనే మొదలయింది. ఈనాడు తెలుగు కోసం మేడ ఎక్కనక్కరలేదు. కాని ఆనాటి ఏంటెనా లోపం కంటికి కనిపించేది, ఈనాటిది కనిపించదు.

లోపం ఏ మజిలీలో ఉన్నది?

స్ట్రీమింగ్ యాప్‌లో బొమ్మ మన ఇంట్లో పుట్టదు. ఎక్కడో ఉన్న కంప్యూటర్ల నుంచి తీగల మీదుగా ఇంటిలోని రూటర్‌కు, అక్కడి నుంచి వైఫై ద్వారా టెలివిజన్‌కు, టెలివిజన్‌లోని యాప్‌కు చేరుతుంది. ఇన్ని మజిలీలలో ఏది తెగినా తెర మీద కనిపించేది ఆ తిరిగే చక్రమే. కనుక దేనినీ సరిచేయబోయే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

అదే వైఫై మీద ఫోనులో బొమ్మ వస్తున్నదా? రాకపోతే లోపం రూటర్‌లోనో బయటి తీగలోనో ఉన్నది. ఫోనుకు వచ్చి టెలివిజన్‌కు రాకపోతే లోపం టెలివిజన్ వైపున. టెలివిజన్‌లో మిగిలిన యాప్‌లన్నీ పనిచేస్తూ ఒక్కటే మొరాయిస్తే ఆ యాప్‌ను, లేదా దాని చందాను చూడాలి. చందా గడువు తీరినా, అనుమతించినన్ని పరికరాలకు మించి ఒకేసారి వాడినా బొమ్మ రాదు.

మామయ్య ఇంట్లో ఫోను చక్కగా పనిచేసింది. టెలివిజన్‌లో మాత్రం ఒక్క యాప్ కూడా తెరుచుకోలేదు. వైఫై గుర్తు నిండుగానే ఉన్నది.

ఒక్క నిమిషం విశ్రాంతి

మొదటి చికిత్స అతి సులభమైనది. రిమోట్‌తో ఆపినంతమాత్రాన టెలివిజన్ పూర్తిగా ఆగదు, కునుకు తీస్తుందంతే. దాని జ్ఞాపకంలో పేరుకున్న చిక్కులు అలాగే ఉంటాయి. గోడ మీది స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీసి, ఒక నిమిషం ఆగాలి. రూటర్‌కూ అదే చేయాలి. తిరిగి వేసేటప్పుడు ముందు రూటర్. దాని దీపాలు నిలకడగా వెలిగిన తరువాతనే టెలివిజన్. పలు చిన్న లోపాలు ఇక్కడితో తీరిపోతాయి.

మాకు తీరలేదు. అప్పుడు సెట్టింగ్స్‌లో తేదీ చూశాను. టెలివిజన్ ఎన్నో ఏళ్ళ వెనుకటి జనవరి ఒకటవ తారీకున ఆగి ఉన్నది! అత్తయ్య ఏ మీటా నొక్కి చెడగొట్టలేదు. ఎవరో ఎప్పుడో గడియారాన్ని తమంత తాముగా దిద్దే ఏర్పాటులో పెట్టారు. సుదీర్ఘంగా కరెంటు పోయిన ఒక రాత్రి అది మొదటికి పోయింది.

తేదీకీ సినిమాకూ సంబంధమేమిటి? యాప్ తన సంస్థ కంప్యూటర్‌తో మాట్లాడే ముందు, అది నిజమైనదేనా అని ఒక గుర్తింపు పత్రం చూస్తుంది. ఆ పత్రానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని చెల్లుబాటు ఉంటుంది. టెలివిజన్ గడియారం వెనుకబడి ఉంటే, ఆ పత్రం ఇంకా పుట్టనే లేదని భావించి తలుపు మూసివేస్తుంది. తేదీని ఇంటర్నెట్ నుంచి తీసుకొనేలా మార్చగానే యాప్‌లన్నీ తెరుచుకున్నాయి.

అప్పటికీ కుదరని ఇళ్ళలో చేయవలసినవి ఇంకా ఉన్నాయి. యాప్‌కు, టెలివిజన్ సాఫ్ట్‌వేర్‌కు కొత్త అప్‌డేట్ ఉన్నదేమో చూడాలి. యాప్ క్యాష్‌ను తుడిచివేయవచ్చు. ‘డేటా’ తుడిస్తే మాత్రం లాగిన్ కూడా పోతుంది కనుక పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి. తరువాత యాప్‌ను తీసివేసి మళ్ళీ వేసుకోవడం. టెలివిజన్‌ను కొత్తదానిలా మార్చే ఫ్యాక్టరీ రీసెట్ చిట్టచివరి అస్త్రం. మరీ పాత టెలివిజన్లకు యాప్ సంస్థలు మద్దతు మానుకుంటాయి. అప్పుడు కొత్త టెలివిజన్ కొననక్కరలేదు. హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టే చిన్న స్ట్రీమింగ్ స్టిక్ చాలు.

బీరువా చాటున రూటర్

బొమ్మ వచ్చింది గాని మాటిమాటికీ ఆగుతున్నది. కుళాయి నీరు తొట్టిలో పడి, తొట్టి నుంచి మనం ముంచుకున్నట్లే, యాప్ కొన్ని క్షణాల బొమ్మను ముందుగా నిలువ చేసుకొని చూపిస్తుంది. ధార సన్నగిల్లితే బొమ్మ నాణ్యత తగ్గించుకొని మసకగానైనా నడిపిస్తుంది. తొట్టి పూర్తిగా ఎండినప్పుడు చక్రం తిరుగుతుంది. స్పష్టమైన హెచ్‌డీ బొమ్మకు సెకనుకు 5 మెగాబిట్ల వేగం సాధారణంగా సరిపోతుంది. 4కే బొమ్మకు 15 దాకా కావాలి.

మామయ్య రూటర్‌ను దుమ్ము పడకుండా ఇనుప బీరువా వెనుక దాచి, పైన ఒక గుడ్డ కూడా కప్పారు. ఇనుము వైఫై తరంగాలకు అడ్డుగోడ. గుడ్డ వల్ల రూటర్ వేడెక్కుతుంది. దానిని గది మధ్యన ఎత్తైన అరమీదికి మార్చాము. 5 గిగాహెర్ట్‌జ్ వైఫై వేగంగలది గాని గోడలు దాటేసరికి బలహీనపడుతుంది, 2.4 దూరం పోతుంది గాని రద్దీ ఎక్కువ. రూటర్, టెలివిజన్ ఒకే గదిలో ఉంటే మొదటిది మేలు. వీలైతే తీగతో కలపడం అన్నిటికంటె మేలు.

తప్పిన గండం

భోజనాల వేళ మామయ్య అసలు సంగతి బయటపెట్టారు. యాప్ ఆగిన రెండవనాడు ఆయన ఫోనులో వెదికి, ‘కస్టమర్ కేర్’ అని కనిపించిన నంబరుకు ఫోను చేశారట. అవతలి మనిషి ఎంతో మర్యాదగా, ఫోనులో ఒక యాప్ వేసుకొని పది రూపాయలు కట్టమన్నాడు. ఆ సమయానికి పొరుగింటి రిటైరైన గూర్ఖా హవల్దారు టీకి వచ్చాడు. విషయం విని ఫోను లాక్కొని కట్టివేశాడు.

ఆ యాప్ మన ఫోను తెరను దూరాన ఉన్నవాడికి చూపించేది. పది రూపాయలు కట్టేటప్పుడు మనం నొక్కే అంకెలు, వచ్చే ఓటీపీ అన్నీ వాడి కంటబడతాయి. పెన్షన్ ఖాతా ఖాళీ కావడానికి నిమిషాలు చాలు. సహాయం కావాలంటే యాప్‌లోనే ఉండే ‘హెల్ప్’ విభాగం నుంచో, సంస్థ సొంత వెబ్‌సైటు నుంచో మాత్రమే తీసుకోవాలి. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి దాచక, క్షణమైనా ఆలస్యం చేయక, దేశమంతటికీ ఉన్న 1930 నంబరుకు ఫోను చేయాలి, బ్యాంకుకు తెలపాలి.

దాచిపెట్టడమే అసలు ప్రమాదమని ఆ రాత్రి నాకు తోచింది. ఊళ్ళో పెద్దవాళ్ళు ఉన్నవారు అప్పుడప్పుడు “టీవీ బాగా వస్తున్నదా?” అని తామే అడగడం మంచిది.

మరునాటి సాయంత్రం మనుమరాలు వచ్చింది. సినిమా మొదలైన కాసేపటికి మళ్ళీ నిశ్శబ్దం. కంగారుగా గదిలోకి వెళ్ళాను.

“అమ్మమ్మా, చద్దన్నం అంటే?” అని అడుగుతున్నది పిల్ల. అత్తయ్య చేతులు త్రిప్పుతూ, కుండలో రాత్రి అన్నం, మజ్జిగ, ఉల్లిపాయ అంటూ వివరిస్తున్నది. తెర మీద బొమ్మ కదలకుండా నిలిచి ఉన్నది.

ఈసారి దానిని ఆపినది అత్తయ్యే.