పరుగూ పెట్టుబడీ

సంగారెడ్డి చేరువలోని ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో గాని, ఆ చుట్టుపట్ల పల్లెలలో గాని పరుగు అభ్యసించే యువకునికి అది కేవలం వినోదం కాదు. తరచు ఉద్యోగానికి దారి. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాలలో పురుషులు 1600 మీటర్ల దూరాన్ని 7 నిమిషాల 15 సెకన్లలో ముగించవలసి ఉండెను. 400 మీటర్ల మైదానంలో నాలుగు చుట్లన్నమాట. మొదటి చుట్టులో అందరికంటె ముందున్నవాడు చివరి చుట్టులో నడకకు దిగడం ఇటువంటి పరీక్షలలో అరుదైన దృశ్యం కాదు. వానికి బలం లేదనరాదు. దానిని ఎప్పుడు వెచ్చించవలెనో తెలియలేదు.

ఆ పల్లెలున్న జిల్లాలోనే పటాన్‌చెరు, రామచంద్రాపురం పారిశ్రామిక వాడలున్నవి. పెద్ద కార్ఖానాలకు విడిభాగాలు చేసియిచ్చే చిన్న లేత్ షాపులు, వెల్డింగు షాపులు ఇటువంటి వాడలను ఆశ్రయించి బ్రతుకుతవి. పని లేక మూతపడే షాపును గురించి అందరికీ తెలుసును. పని ఎక్కువై మూతపడేవీ ఉన్నవంటే విద్యార్థులకు నమ్మశక్యం కాకపోవచ్చును.

లెక్క వేసి చూడండి. ఒక షాపునకు కూలి, ఇనుము, కరెంటు కలిపి నెలకు 3 లక్షల రూపాయల ఖర్చనుకొందాము. సరుకు అందుకొన్న కార్ఖానా 45 రోజులకు గాని సొమ్ము చెల్లించదు. మొదటి రూపాయి చేతికి వచ్చేలోపల యజమాని కనీసం 4 లక్షల 50 వేలు తన దగ్గరనుంచి పెట్టవలె. ఇంతలో రెట్టింపు ఆర్డరు వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కాని ఇప్పుడు కావలసినది 9 లక్షలు! లాభం కాగితం మీద కనబడుతూనే ఉంటుంది. శనివారం కూలి ఇవ్వడానికి పెట్టెలో పైకం ఉండదు.

దూరపు పరుగులో శరీరం ముఖ్యంగా రెండు ఇంధనాలను వాడుకొంటుంది. కొవ్వు సమృద్ధిగా ఉంటుంది గాని నిదానంగా శక్తినిస్తుంది. కండరాలలోను కాలేయంలోను నిలువయుండే గ్లైకోజెన్ త్వరగా శక్తినిస్తుంది గాని దాని నిలువ స్వల్పం. వేగం పెరిగినకొద్దీ దాని ఖర్చూ పెరుగుతుంది. 42.195 కిలోమీటర్ల మారథానులో 30 కిలోమీటర్లు దాటినాక ఎందరో హఠాత్తుగా నీరసించడానికి ఇదే ముఖ్యకారణం. చిన్న యజమాని చేతి రొక్కం ఈ గ్లైకోజెన్ వంటిది. యంత్రాలు, రావలసిన బాకీలు కూడ ఆస్తియే. కాని శనివారానికి అందవు.

జెకోస్లోవేకియా పరుగువీరుడు ఎమిల్ జాటోపెక్ కార్ఖానానుంచి వచ్చినవాడే. జ్లిన్ పట్టణంలోని బాటా బూట్ల కార్ఖానాలో పనిచేస్తూ, 1941లో శిక్షకుడు బలవంతపెట్టగా, ఇష్టం లేకనే మొదటి పందెంలో పాల్గొన్నాడు. 1952 హెల్సింకి ఒలింపిక్సులో 5,000, 10,000 మీటర్ల పందేలు గెలిచి, అంతకుముందెన్నడూ ఎరుగని మారథానుకు దిగినాడు. ఆ దూరంలో నాటి ప్రపంచ అత్యుత్తమ సమయం ఆంగ్లేయుడైన జిమ్ పీటర్స్‌ది. అతడు ఆరంభంలోనే అందరినీ విడిచి ముందుకు పోయినాడు. జాటోపెక్ అతనిని కలిసికొని, ఈ వేగం సరియైనదేనా అని అడిగినాడట. చాలదని పీటర్స్ బదులు చెప్పినాడట. పీటర్స్ సుమారు 32 కిలోమీటర్ల వద్ద కాలి కండరాలు పట్టివేయగా తప్పుకొన్నాడు. జాటోపెక్ 2 గంటల 23 నిమిషాల 3 సెకన్లలో గెలిచినాడు. ఈ కథలో నాకు నచ్చినది విజయం కాదు, ఆ ప్రశ్న. అప్పటికే రెండు స్వర్ణపతకాలు గెలిచినవాడు తన వేగాన్ని గురించి మరొకరిని అడుగగలిగినాడు. రెట్టింపు ఆర్డరు అందుకొన్న యజమాని తన గుమాస్తాను ఆ మాట అడుగుతాడా?

చట్టం సహాయం లేకపోలేదు. చిన్న పరిశ్రమలకు 45 రోజులు మించి బాకీ నిలిపితే బ్యాంకు రేటుకు మూడురెట్ల చక్రవడ్డీ చెల్లించవలెనని 2006 నాటి చట్టం విధించింది. గడువులోగా చెల్లించని సొమ్మును చెల్లించేదాకా కొనుగోలుదారు ఖర్చుగా చూపుకొనరాదన్న ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్‌లో అమలుకు వచ్చింది. మంచివే. ఐనా, వడ్డీ అడిగితే మరుసటి ఆర్డరు రాదేమోనన్న భయాన్ని ఏ చట్టం తీర్చగలదు?

కనుక యజమాని చేతిలో ఉన్నది తన వేగమే. ఈ నెల సగం, పై నెల సగం అని పెద్ద కార్ఖానా అధికారితో చెప్పడానికి ధైర్యం కావలె. అధికారి ముఖం చిట్లించవచ్చును. పక్క షెడ్డువాడు ఆ రెండవ సగం తన్నుకుపోవచ్చును. లేత్ దగ్గర నిలబడిన నలుగురు పనివారికి ఈ సంభాషణ జరిగినట్లే తెలియదు. వారు ఎదురుచూచేది శనివారం సాయంకాలానికి.