ఆటలో కలిసిన ‘అన్న’ ఎవరు? పిల్లలకు ఆన్‌లైన్ గేమ్ ఎంచుకునే ముందు ఏం చూడాలి?

సెలవు రోజుల్లో చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమే ఇది. పదేళ్ల పిల్లాడు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, చేతిలో నాన్న ఫోన్‌తో సోఫాలో కూర్చుంటాడు. ‘అన్నా, ఇటు రా’, ‘అన్నా, వెనక ఉన్నాడు చూడు’ అని అరుస్తుంటాడు. ‘ఎవర్రా ఆ అన్న?’ అని వంటింట్లోంచి అమ్మ అడుగుతుంది. ‘గేమ్‌లో ఫ్రెండమ్మా’ అని జవాబు వస్తుంది. ఆ ఫ్రెండ్‌ది ఏ ఊరో, వయసెంతో, అసలు పేరేమిటో పిల్లాడికీ తెలియదు.

ఆ ‘అన్న’ ఇంకో ఊళ్లో అలాగే సోఫాలో కూర్చున్న మరో పిల్లాడే కావచ్చు. కాకపోనూవచ్చు.

పిల్లల గేమ్‌ల గురించి ఇళ్లలో సాధారణంగా రెండు ప్రశ్నలే వినిపిస్తాయి. అందులో కొట్టుకోవడం, చంపుకోవడం ఉందా? రోజుకు ఎన్ని గంటలు ఆడుతున్నాడు? ఈ రెండూ అవసరమే. కానీ పదిమందితో కలిసి ఆడే మల్టీప్లేయర్ గేమ్‌కు మూడో ప్రశ్న ముఖ్యం. ఈ గేమ్ ద్వారా మా పిల్లలను ఎవరు, ఎలా చేరుకోగలరు? గేమ్ మంచిదా కాదా అన్నది చాలావరకు ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఉంటుంది.

వయసు రేటింగ్ ఏం చెబుతుంది?

ప్లే స్టోర్‌లో ప్రతి గేమ్ పక్కన 3+, 7+, 12+, 16+, 18+ అని ఒక అంకె ఉంటుంది. గేమ్ తయారుచేసినవారు ఒక ప్రశ్నావళికి ఇచ్చిన సమాధానాల ఆధారంగా ఈ రేటింగ్ వస్తుంది. హింస ఎంత, బూతులు ఉన్నాయా, అశ్లీలత ఉందా, జూదం ఉందా అన్నవి అందులో చూస్తారు.

అంటే గేమ్ తయారుచేసినవారు అందులో ఏం పెట్టారో రేటింగ్ చెబుతుంది. ఆడటానికి వచ్చినవాళ్లు ఏం మాట్లాడతారో చెప్పదు. రంగురంగుల బొమ్మలున్న 7+ గేమ్‌లోనూ ముక్కూమొహం తెలియనివారు పిల్లలకు మెసేజ్ పంపే వీలుండొచ్చు.

అందుకే రేటింగ్ వివరాల్లో చిన్న అక్షరాల్లో కనిపించే రెండు మాటలను తప్పక చదవాలి. ‘యూజర్స్ ఇంటరాక్ట్’ అని ఉంటే ఆటగాళ్లు ఒకరితో ఒకరు సంప్రదించుకునే అవకాశం ఉందని అర్థం. ‘ఇన్-గేమ్ పర్చేజెస్’ అని ఉంటే గేమ్ ఉచితమే అయినా లోపల డబ్బుతో కొనే వస్తువులున్నాయని అర్థం.

నాన్న ఫోన్‌లో ఆడితే ఏమవుతుంది?

మన ఇళ్లలో చాలామంది పిల్లలకు సొంత ఫోన్ ఉండదు. పెద్దల ఫోన్‌లో, పెద్దల ఖాతాతోనే ఆడతారు. ఇందులో ఒక చిక్కుంది. పిల్లల కోసం గేమ్ కంపెనీలు పెట్టిన రక్షణలు చాలావరకు ఖాతాలో ఇచ్చిన పుట్టిన తేదీని బట్టే పనిచేస్తాయి. నాన్న ఖాతాతో ఆడితే, ఆ గేమ్ దృష్టిలో ఆడుతున్నది నలభై ఏళ్ల మనిషి. చాట్ తెరిచే ఉంటుంది, ఖర్చుకు పరిమితి ఉండదు.

అలాగే, ‘13 ఏళ్లు నిండాయా’ అని గేమ్ అడిగితే తొమ్మిదేళ్ల పిల్లలు ‘అవును’ అని నొక్కడం, పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకోవడం కూడా మామూలే. ఆ ఒక్క నొక్కుతో పిల్లల కోసం ఉన్న సెట్టింగులన్నీ పక్కకు పోతాయి.

కాబట్టి మొదటి పని పిల్లల పేరుతో, అసలు పుట్టిన తేదీతో వేరే ఖాతా తెరవడం. ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్, ఐఫోన్‌లో ఫ్యామిలీ షేరింగ్, స్క్రీన్ టైమ్ ఇందుకు ఉపయోగపడతాయి. ఉన్నది ఒక్క ఫోనే అయితే, కనీసం గేమ్‌లో తెరిచే ఖాతాకైనా పిల్లల వయసే ఇవ్వాలి. ఆటలో కనిపించే పేరులో అసలు పేరు, బడి పేరు, పుట్టిన సంవత్సరం ఉండకూడదు.

ప్రమాదం ఎలా మొదలవుతుంది?

పిల్లలను వలలో వేసుకునేవారు మొదటి రోజే భయపెట్టరు. ముందు మెచ్చుకుంటారు. ‘భలే ఆడావ్’ అంటారు. తర్వాత గేమ్‌లో వాడే నాణేలో, పాత్రకు వేసే కొత్త వేషమో బహుమతిగా ఇస్తారు. కొన్నాళ్లకు ‘ఇక్కడ సరిగా మాట్లాడలేం’ అంటూ వాట్సాప్, డిస్కార్డ్, ఇన్‌స్టాగ్రామ్ వంటి చోటికి రమ్మంటారు. ‘ఇంట్లో చెప్పకు, ఫోన్ లాక్కుంటారు’ అంటారు. ఫొటో అడగడం ఆ తర్వాతే. బెదిరింపు చివర్లో వస్తుంది.

పిల్లలకు ఇదంతా వివరించి భయపెట్టక్కర్లేదు. మూడు గుర్తులు చెబితే చాలు. ఊరికే బహుమతి ఇవ్వడం, వేరే యాప్‌కు రమ్మనడం, ఇంట్లో చెప్పొద్దనడం. వీటిలో ఏ ఒక్కటి జరిగినా వెంటనే అమ్మకో నాన్నకో చెప్పాలి.

ఇలాంటి ప్రవర్తన మన దేశంలో నేరం. పిల్లలను ఆన్‌లైన్‌లో లైంగిక సంబంధంలోకి ప్రలోభపెట్టడం ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ కిందకు వస్తుంది. లైంగిక ఉద్దేశంతో పిల్లల వెంటపడటం, ఆన్‌లైన్‌లో అయినా సరే, 2012 నాటి పోక్సో చట్టం కింద శిక్షార్హం.

సెట్టింగులను కంపెనీకే వదిలేయొచ్చా?

ఇందుకు ‘ఫోర్ట్‌నైట్’ ఉదంతం చూడాలి. ఆ గేమ్ తయారుచేసిన ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 52 కోట్ల డాలర్ల పరిష్కారానికి ఒప్పుకుంది. ఇందులో 27.5 కోట్ల డాలర్లు పిల్లల గోప్యత చట్టాన్ని ఉల్లంఘించారన్న ఆరోపణపై జరిమానా. మిగతా 24.5 కోట్లు కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వాల్సిన సొమ్ము.

కమిషన్ ఎత్తిచూపిన విషయాలు తల్లిదండ్రులకు పాఠాల్లాంటివి. వాయిస్, టెక్స్ట్ చాట్ మొదటి నుంచే తెరిచి ఉండటంతో పిల్లలు అపరిచితులతో నేరుగా మాట్లాడే పరిస్థితి వచ్చిందన్నది ఒకటి. ఒక్క బటన్ నొక్కితే డబ్బు కట్ అయ్యేలా తెరను అమర్చారన్నది రెండోది. పిల్లలకు, టీనేజర్లకు చాట్ మొదట్లో మూసే ఉండాలని పరిష్కారంలో షరతు పెట్టారు.

కాబట్టి ఏ గేమ్ వేసుకున్నా పిల్లల చేతికి ఇచ్చేముందు పెద్దలు ఒకసారి సెట్టింగులు తెరవాలి. ఎవరు మెసేజ్ పంపొచ్చు, ఎవరు ఫ్రెండ్ రిక్వెస్ట్ పెట్టొచ్చు, వాయిస్ చాట్ ఉందా అన్నవి చూడాలి. చాట్‌ను పూర్తిగా మూసే వీలు గానీ, తెలిసినవాళ్లకే పరిమితం చేసే వీలు గానీ లేని గేమ్‌ను చిన్నపిల్లలకు ఇవ్వకపోవడమే మేలు.

మరి ఏ గేమ్‌లు ఎంచుకోవచ్చు?

గేమ్‌లను పేర్ల వారీగా కాకుండా, ఎవరితో ఆడతారన్న దాన్ని బట్టి మూడు రకాలుగా చూడొచ్చు.

మొదటి రకం, తెలిసినవాళ్లతోనే ఆడగలిగేవి. ముంబైలోని గేమిషన్ సంస్థ తయారుచేసిన ‘లూడో కింగ్’లో ప్రైవేట్ రూమ్ తెరిచి, కోడ్ పంపినవారితోనే ఆడొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో ఎన్నో కుటుంబాలు వేర్వేరు ఊళ్ల నుంచి అలాగే ఆడాయి. ఇళ్లూ ఊళ్లూ కట్టుకునే ‘మైన్‌క్రాఫ్ట్’ను ఇంట్లో ఒకే వైఫై మీద అన్నదమ్ములు కలిసి ఆడొచ్చు. రెల్మ్స్ అనే చందా సదుపాయంతో పిలిచినవారికే ప్రవేశం ఉండేలా చేసుకోవచ్చు. అయితే అదే మైన్‌క్రాఫ్ట్‌లో ఎవరైనా రాగలిగే పబ్లిక్ సర్వర్లూ ఉన్నాయి. గేమ్ ఒకటే అయినా అది వేరే లోకం. పదేళ్లలోపు పిల్లలకు ఈ మొదటి రకం సరిపోతుంది.

రెండో రకం, కొత్తవాళ్లతో ఆడినా మాటలు పరిమితంగా ఉండేవి. ‘అమాంగ్ అస్’లో చిన్నపిల్లల ఖాతాలకు టైప్ చేసే వీలు ఇవ్వరు. ముందే సిద్ధం చేసి ఉంచిన మాటల నుంచి ఎంచుకోవాలి. చదరంగం నేర్చుకునే పిల్లలకు ‘లీచెస్’ ఉచితం, ప్రకటనలు ఉండవు. అందులో కిడ్ మోడ్ పెడితే మెసేజ్‌లు ఆగిపోతాయి. ‘చెస్‌కిడ్’ పిల్లల కోసమే నడిచే వేదిక.

మూడో రకం, తలుపులన్నీ తెరిచి ఉండేవి. ‘రోబ్లాక్స్’ పైకి ఒక గేమ్‌లా కనిపించినా, వాడుకదారులే తయారుచేసిన లెక్కలేనన్ని గేమ్‌ల సంత అది. ఒకటి పూలతోట పెంచే ఆటైతే పక్కది దెయ్యాల కొంప. పిల్లల భద్రత కారణంగా తుర్కియే 2024లో, ఖతార్ 2025లో దాన్ని నిలిపివేశాయి. చాట్ వాడాలంటే ముఖం చూపి వయసు అంచనా వేయించుకోవాలన్న నిబంధనను ఆ కంపెనీ 2025 నవంబరులో ప్రకటించింది. తల్లిదండ్రులు తమ ఖాతాను పిల్లల ఖాతాకు జోడించి, ఏ స్థాయి గేమ్‌లు కనిపించాలో, చాట్ ఉండాలో వద్దో నిర్ణయించే వీలుంది. ఆ జోడింపు లేకుండా రోబ్లాక్స్ ఇవ్వడం, తోడు లేకుండా పిల్లలను తిరునాళ్లకు పంపడం లాంటిదే.

టీనేజర్లు ఎక్కువగా ఆడే ‘బీజీఎంఐ’ కూడా ఈ రకమే. 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటల పరిమితి ఉంది. కానీ వయసు నిజం చెప్పినప్పుడే దానికి అర్థం.

డబ్బు ఎక్కడ పోతుంది?

పిల్లలకు కనిపించేది రూపాయలు కాదు, వజ్రాలూ నాణేలూ. ఎన్ని వజ్రాలకు ఎన్ని రూపాయలో లెక్క కట్టే లోపే కొనడం అయిపోతుంది. లోపల ఏముందో తెలియకుండా డబ్బిచ్చి తెరిచే ‘లూట్ బాక్స్’లు మరో ఎర. వీటిని బెల్జియం 2018లోనే జూదంగా తేల్చింది.

కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులో తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఇచ్చిన సూచనల్లో కార్డులను గేమ్‌లకు జోడించొద్దని, ప్రతి చెల్లింపుకూ పరిమితి పెట్టాలని చెప్పింది. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టడం, యూపీఐ పిన్ పిల్లలకు తెలియనీయకపోవడం, ఆటోపే అనుమతులు చూసుకోవడం తప్పనిసరి.

డబ్బు పెట్టి గెలిస్తే డబ్బు వస్తుందనే గేమ్‌ల సంగతి వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టం చేసింది. అయితే దాని గురి పందెం ఆటలే. పాత్రకు కొత్త చొక్కా కొనమని పిల్లలను ఊరించే గేమ్‌ను ఆ నిషేధం ఆపదు.

ప్రభుత్వం, చట్టం చూసుకోవా?

కొంతవరకే. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో, ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించింది. అందుకు చూపిన కారణాలు దేశ భద్రత, సమాచార భద్రత. పిల్లల క్షేమం కోసం చేసిన వడపోత కాదది. నిషేధం కాని గేమ్‌లన్నీ పిల్లలకు మంచివని దాని అర్థం కాదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మరింత నేరుగా పిల్లల గురించి మాట్లాడుతుంది. 18 ఏళ్లలోపు వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఆ అనుమతి నిజమైనదో కాదో సరిచూడాలి. పిల్లల ప్రవర్తనను వెంటాడటం, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడం కూడదు. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా ఇంట్లో పెద్దలే కాపలా.

ఎంతసేపు ఆడనివ్వాలి?

గంటలతో పాటు మ్యాచ్‌లను కూడా లెక్కపెట్టాలి. కొన్ని గేమ్‌లలో ఒక మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది. మధ్యలో ఫోన్ లాక్కుంటే జట్టులో మిగతావాళ్లు దెబ్బతింటారు, పిల్లాడికి అవమానం. ‘ఇంకో రెండు మ్యాచ్‌లు, తర్వాత అన్నం’ అన్న ఒప్పందం నిలబడినంతగా ‘ఇప్పుడే ఆపు’ నిలబడదు.

చదువు, నిద్ర, స్నేహితులు అన్నీ దెబ్బతింటున్నా ఆపలేకపోతే అది మరో దశ. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ‘గేమింగ్ డిజార్డర్’గా గుర్తించింది. సాధారణంగా 12 నెలల పాటు ఆ తీరు కనిపిస్తేనే ఆ నిర్ధారణకు వస్తారు. ఇలాంటి వారికోసం బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ‘షట్ క్లినిక్’ ఉంది.

ఏదైనా జరిగితే?

పిల్లలు వచ్చి చెప్పినప్పుడు వారిని తిట్టకూడదు. ఇది దయకు సంబంధించిన మాట మాత్రమే కాదు. ‘చెబితే ఫోన్ పోతుంది’ అన్న భయమే బెదిరించేవాడి బలం. ఆ భయం ఇంట్లో లేకపోతే అతడి చేతిలో ఆయుధం ఉండదు.

తర్వాత చాట్‌ను చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచాలి. ఆ వ్యక్తిని గేమ్‌లో రిపోర్ట్ చేసి, బ్లాక్ చేయాలి. అడిగిన డబ్బు ఇవ్వొద్దు. పిల్లల ఫొటోలు ఉంటే వాటిని సలహా కోసమైనా బంధువులకు పంపొద్దు. సైబర్ నేరాల సహాయ నంబరు 1930, పిల్లల సహాయ నంబరు 1098. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లలపై జరిగే నేరాల గురించి పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయొచ్చు.

కొత్త గేమ్ వేసుకున్న రోజు పిల్లల పక్కన కూర్చుని రెండు మ్యాచ్‌లు ఆడితే సెట్టింగుల్లో కనిపించనివీ తెలుస్తాయి. ఎవరు పలకరిస్తున్నారు, ఏ భాషలో తిడుతున్నారు, ఏ నిమిషంలో కొనమని అడుగుతోంది అన్నీ అక్కడే బయటపడతాయి. ఓడిపోవడం పెద్దల వంతే అవుతుంది. కానీ ఆ తర్వాత ‘ఎవర్రా ఆ అన్న?’ అని అడిగితే వచ్చే జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది.