విశ్వవిద్యాలయ పరిశోధనశాలలలో భద్రతా సంస్కృతి

బెంగుళూరు, చెన్నై, పుణే, భువనేశ్వర్ మొదలగు నగరములందలి విశ్వవిద్యాలయములలో నేడు పరిశోధన సాగించుచున్న యువజనులలో, ఆయా రాష్ట్రములందు తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల బిడ్డలును కలరు. పరిశోధనశాలలో బిడ్డకు చోటు దొరకినదన్న వార్త ఆ యింటికి పండుగవంటిది. ఆ చోట బిడ్డ ఏయే పదార్థములతో పనిచేయునో, ప్రమాదము సంభవించినచో ఏమి ఏర్పాటు కలదో విచారించు తలిదండ్రులు మాత్రము అరుదు. విద్యాలయము గదా, అచట భయమేమి అని వారి నమ్మకము. 2018 డిసెంబరు 5వ తేదీన బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు ప్రయోగశాలలో ప్రేలుడు సంభవించి ఒక యువకుడు మరణించెను; మరి ముగ్గురు గాయపడిరి. ఇట్టి ఘటనలు ఆ నమ్మకమును పునర్విమర్శ చేసికొనుమని చెప్పుచున్నవి.

‘భద్రతా సంస్కృతి’ యను మాట 1986లో చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రమున జరిగిన ప్రమాదమును గూర్చి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణులు వెలువరించిన నివేదికతో వ్యాప్తిలోనికి వచ్చెను. యంత్రములును నిబంధనలును మాత్రమే చాలవు, వానిని నడుపు మనుష్యుల అలవాట్లను, భద్రతకు వారిచ్చు ప్రాధాన్యమును గూడ చూడవలెననుట దాని భావము. ఈ మాట కర్మాగారములకంటె పరిశోధనశాలలకు ఎక్కువగా వర్తించును. కర్మాగారమున ఒకే పని నిత్యము ఒకే తీరున జరుగును. పరిశోధనశాలలో నిన్న చేయని పనిని నేడు చేయుటయే లక్ష్యము. అదియుగాక, అచట పనిచేయు విద్యార్థులు కొలది సంవత్సరములలో పట్టము పొంది వెడలిపోవుదురు. వారి వెంట వారి అనుభవమును వెడలిపోవును. కావున అచటి భద్రత ఒకరి నుండి మరియొకరికి సంక్రమించు అలవాటుపై ఆధారపడి యుండును.

నిబంధన యుండియు అలవాటు లేనిచో ఏమగునో ఒక ఉదాహరణము చూపును. అమెరికాలో లాస్ ఏంజిలస్ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 2008 డిసెంబరు 29వ తేదీన, 23 ఏండ్ల పరిశోధన సహాయకురాలు టెర్షరీ బ్యూటైల్ లిథియమను రసాయనమును ప్లాస్టిక్ సిరంజితో సీసానుండి తీయుచుండెను. అది గాలి సోకినంతనే మండునది. సిరంజి లోపలి కడ్డీ ఊడివచ్చి ద్రవము ఒలికెను. ఆమె ల్యాబ్ కోటు ధరించియుండలేదు; ఒంటిమీది స్వెట్టరు అంటుకొనెను. 18 దినములు బాధపడి 2009 జనవరి 16న ఆమె మరణించెను. అంతకు రెండు మాసముల ముందే జరిగిన తనిఖీలో, ఆ శాలలో ల్యాబ్ కోట్లు ధరించుట లేదన్న సంగతి కనుగొనబడినది. చూచిన లోపము కాగితముపై నిలిచెను గాని సరిదిద్దబడలేదు. 2011లో ఆ శాల ఆచార్యునిపైనను విశ్వవిద్యాలయ పాలకమండలిపైనను నేరారోపణ జరిగిన పిదప, భద్రత విద్యార్థి జాగ్రత్తకు మాత్రమే సంబంధించినది కాదని అమెరికా విద్యాలోకము గుర్తింపవలసి వచ్చెను.

రెండవ ఉదాహరణము టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయమునకు సంబంధించినది. 2010 జనవరి 7న అచట ఒక విద్యార్థి నికెల్ హైడ్రజీన్ పెర్‌క్లోరేటను ప్రేలుడు పదార్థమును కల్వములో నూరుచుండగా అది ప్రేలెను. అతడు మూడు వ్రేళ్ళను గోల్పోయెను. ఒక కంటికిని గాయమయ్యెను. ఒక్కసారికి 100 మిల్లీగ్రాములకు మించి తయారు చేయరాదను హద్దు ఆ పరిశోధన బృందమున కలదు. కాని అది నోటిమాటగా నుండెను, వ్రాతలో లేదు. తయారైన పదార్థము ఇంచుమించు 10 గ్రాములు, అనగా హద్దునకు నూరు రెట్లు. ఈ ప్రమాదమును విచారించిన అమెరికా రసాయన భద్రతా మండలి 2011లో తన నివేదికను ప్రకటించెను. అంతకుముందును ఆ బృందమున ప్రాణాపాయము తృటిలో తప్పిన ఘటనలు జరిగెననియు, వానినుండి నేర్వదగిన పాఠము వ్రాతపూర్వకముగా అందరికిని చేరలేదనియు అందు తేలినది. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట అందరెరిగినదే. ఇచట ముందొకసారి సెగ తగిలినను, ఆ మాట తరువాతి వానికి చెప్పినవారు లేకపోయిరి.

చెప్పుట వలన కలుగు మేలును మూడవ ఉదాహరణము తెలుపును. డార్ట్‌మత్ కళాశాల ఆచార్యురాలు కేరన్ వెటర్‌హాన్ విషలోహముల ప్రభావమును పరిశోధించుటలో పేరెన్నిక గన్న విదుషి. 1996 ఆగస్టు 14న డైమిథైల్ మెర్క్యురీ యను పాదరస సమ్మేళనపు చుక్కలు కొన్ని ఆమె చేతి తొడుగుపై పడెను. ఆమె ఫ్యూమ్ హుడ్ లోపలనే, లేటెక్స్ తొడుగులు ధరించియే పనిచేయుచుండెను. నాటి పద్ధతినిబట్టి ఆమె చూపిన జాగ్రత్తలో లోటు లేదు. ఆ ద్రవము అట్టి తొడుగును కొన్ని సెకనులలోనే దాటిపోవునన్న సంగతి మాత్రము అప్పటికి పరిశోధకులకు సరిగా తెలియదు. కొన్ని మాసములకు విషలక్షణములు బయటపడి 1997 జూన్ 8న, 48వ యేట, ఆమె దివంగతురాలయ్యెను. ఆమె జీవించియుండగనే సహచరులు తొడుగులను పరీక్షింపజేసి, ఫలితమును రసాయనశాస్త్రజ్ఞుల పత్రికలో ప్రకటించి లోకమును హెచ్చరించిరి. నేడు ఆ పదార్థమును ముట్టవలసివచ్చినవారు వేరు రకపు తొడుగులను వాడుచున్నారన్నచో, ఒక దురదృష్టమును దాచక చెప్పుటయే అందులకు కారణము.

శాలలోని జ్ఞాపకము చెరిగిపోయినచో నష్టము గోడలు దాటి పోవును. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగమున 1985 నుండి వాడుక లేక మూలబడియున్న గామా కిరణ యంత్రమును 2010 ఫిబ్రవరిలో పాత సామానుగా వేలము వేసిరి. అందు కోబాల్టు-60 అను రేడియోధార్మిక పదార్థము ఇంకను ఉండెను. మాయాపురిలోని పాత ఇనుప అంగళ్ళలో ఆ యంత్రమును విప్పిన కూలివారికి అది యేమో తెలియదు. పలువురు వ్యాధిగ్రస్తులైరి, ఏప్రిలులో ఒకడు మరణించెను. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కి చదువుకొనని మనిషి, అచటి మరపునకు తన ప్రాణమును చెల్లించెను.

ఈ నాలుగు ఘటనలును ఒకే సంగతిని నాలుగు వైపులనుండి చూపుచున్నవి. శాలలో భద్రత కలదా లేదా యనుటకు గోడపై వ్రేలాడు నిబంధనల పట్టిక ప్రమాణము కాదు. అచట అందరికంటె చిన్నవాడు తన చేత జరిగిన చిన్న పొరపాటును భయములేక చెప్పగలుగుచున్నాడా, చెప్పినది వ్రాతలో నిలిచి తరువాత వచ్చినవానికి అందుచున్నదా యనునదియే ప్రమాణము.

అట్టి స్థితి ఏర్పడుటకు మొదటి బాధ్యత ఆచార్యునిది. ఆయన రక్షణ కళ్ళద్దములు లేక శాలలో అడుగిడినచో, శిష్యులకు వేరు ఉపన్యాసము అక్కరలేదు. పదార్థపు పరిమాణమును పెంచుటకు ముందు అనుమతి, అపాయకరమైన ప్రయోగమును ఒంటరిగా చేయకుండుట, ప్రమాదము తప్పిన ప్రతి ఘటనను పుస్తకమున వ్రాసి వారపు సమావేశమున చదువుట, ఇవి ధనవ్యయము లేని పనులు. ఏదైన సందేహాస్పదముగా తోచినప్పుడు పనిని ఆపుమని చెప్పు హక్కు శాలను ఊడ్చు సేవకునికి సైతము ఉండవలెను. అతనికి అర్థమగు భాషలో హెచ్చరికలు ఉండుటయు అంతే అవసరము. అపాయ సూచన చదువరాని మనిషికి దాని అక్షరములు గోడపై గీతలతో సమానము.

ఈ అలవాటునకు బీజము పాఠశాలలోనే పడును. పరీక్షనాళిక పగిలినచో దాని వెల వసూలు చేయుట పెక్కు చోట్ల ఆచారము. వెల కొద్దిదే కావచ్చును. కాని ఆ బాలుడు నేర్చునది జాగ్రత్త కాదు, గాజుపెంకులను దాచుట. దాచ నేర్చిన చేయియే పదునైదేండ్ల తరువాత విశ్వవిద్యాలయమున మండు ద్రవపు సీసాను పట్టుకొనును. పగిలినదని ముందుగా వచ్చి చెప్పిన బిడ్డను మెచ్చుకొను ఉపాధ్యాయుడు, తానెరుగకయే, రేపటి పరిశోధనశాలను కాపాడుచున్నాడు.

ఇల్లు విడిచి పరభాషా ప్రాంతమందలి విశ్వవిద్యాలయమున చేరిన విద్యార్థికి సంకోచము సహజము. తెలియదని యొప్పుకొనినచో చులకన యగుదునేమో యని యతడు మౌనము వహించును. ఆ మౌనమే అన్నిటికంటె గొప్ప అపాయము. కావున సెలవులకు బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు తలిదండ్రులు మార్కులను, భృతిని విచారించుటతోబాటు మరియొక ప్రశ్న వేయవలెను: “నీవు పొరపాటు చేసినచో అచట ఎవరితో చెప్పుదువు?” ఆ ప్రశ్నకు బిడ్డ వెంటనే ఒక పేరు చెప్పగలిగినచో కొంత నిశ్చింత. చెప్పలేక తల వంచినచో, పెద్దలు మేల్కొనవలసిన సమయము అదియే.