గజ్జలో బిళ్ళ కట్టిందా? పరీక్షించే పద్ధతి తెలుసుకోండి

గోదావరి డెల్టాలో “గజ్జలో బిళ్ళ కట్టిందండీ” అన్న మాట వినని వైద్యుడు ఉండడు. కాలిలో ముల్లు విరిగినా, వేళ్ళ సందులు ఒరిసినా బిళ్ళ కడుతుందని ఇంటి పెద్దలు ఎరుగుదురు. ఆ ఎరుక యథార్థమే. కాలినుండి వచ్చే లసిక గజ్జలలోని గ్రంథులలో వడపోయబడి పైకి పోతుంది. కనుక బిళ్ళను చూపినవారి పాదమును కూడా చూడవలెను.

అందరూ నాడి చూడమని చెయ్యి చాపుతారు. అష్టవిధ పరీక్షలలో నాడి ఒకటి, స్పర్శ మరొకటి. రెండవదానిని మన వారు, కొందరు వైద్యులు సైతం, చులకన చేయుట నాకు నచ్చదు.

గజ్జలను చూచునప్పుడు రోగిని వెల్లకిల పడుకోబెట్టి మోకాలు కొద్దిగా మడిపించాలి. చూపుడువేలు, నడిమివేళ్ళ మెత్తని భాగముతో చర్మమును గ్రంథిపై మెల్లగా గుండ్రముగా కదిలించాలి. గట్టిగా అదిమితే చిన్న గ్రంథి జారిపోతుంది. రెండవ వైపును కూడా పోల్చి చూడాలి. దగ్గినప్పుడు ఉబికి, పడుకుంటే లోనికి పోయేది బిళ్ళ కాదు, ఆంత్రవృద్ధి, అనగా హెర్నియా కావచ్చును. మెడను రోగి వెనుక నిలిచి, తల కాస్త ముందుకు వంచి, గడ్డము క్రిందినుండి చెవి వెనుక మీదుగా జత్రువు, అనగా కాలరు ఎముక, పైవరకు తడమాలి. నాడి కొట్టుకొను చోట రెండు ప్రక్కల ఒకేసారి అదమరాదు, రోగి సొమ్మసిల్లవచ్చును. చంకను చూచునప్పుడు రోగి చేతి బరువును మన చేతిపై మోయాలి.

సుమారు 1 సెంటీమీటరు లోపు, మెత్తగా కదిలే గ్రంథులు ఆరోగ్యవంతులలోను తగులుతాయి; గజ్జలలో ఇంకొంచెము పెద్దవైనను భయము లేదు. నొప్పి, వేడి ఉంటే తరచు చీము లేదా గాయమే కారణము. మాధవకరుడు గండమాలను రేగుపండంత, ఉసిరికాయంత గ్రంథులుగా వర్ణించాడు. ఒకదానికొకటి అతుకుకొని పెరిగే అటువంటివి నేడు క్షయకు పరీక్షింపవలసినవి. నొప్పి లేదు గదా అని ఊరుకొనుటే ప్రమాదము. రాయివలె గట్టిపడి కదలని బిళ్ళ, జత్రువు పైన తగిలిన ఏ బిళ్ళయైనా, 3, 4 వారములకు తగ్గనిదైనా పెద్దాసుపత్రికి పంపవలసినదే. సున్నము, బెల్లము పట్టు వేసి నెలలు గడపరాదు.

ఇక మన ప్రాంతపు విశేషము శ్లీపదము, అనగా బోదకాలు. నిలువనీరు మెండుగా ఉన్న దేశములలో అది అధికమని సుశ్రుతుడే చెప్పాడు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలు మనకు అన్నము పెట్టాయి. ఊళ్ళలోని మురుగు మాత్రము క్యూలెక్స్ దోమకు ఆశ్రయమైనది. అది మోసే ఫైలేరియా క్రిమి లసికానాళములలోనే కాపురముంటుంది. పుండువలన కలిగే ఎర్రని చార పాదమునుండి పైకి ప్రాకుతుంది. ఫైలేరియా క్రిమి చచ్చుటవలన కలిగే చార తరచు గజ్జలోని బిళ్ళనుండి క్రిందికి దిగుతుంది. చలిజ్వరముతో ఇట్లు వచ్చినవారికి రాత్రివేళ రక్తపరీక్ష చేయించాలి. 2004లో దేశములో ఆరంభమైన సామూహిక పంపిణీలో ఎదుట మింగమని ఇచ్చిన డి.ఇ.సి. మాత్రలను కొంగున ముడివేసుకొని పోయిన ఇల్లాళ్ళను ఎరుగుదును!

కాలు అప్పటికే వాచి ఉంటే రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు మెత్తని గుడ్డతో తడి లేకుండా అద్ది, పడుకొనునప్పుడు ఎత్తున ఉంచాలి. వేపాకు కాచిన గోరువెచ్చని నీరు వాడవచ్చును గాని అది సబ్బుకు బదులు కాదు.